కలలో ఉన్నామని కలలోనే తెలుసుకోవడం: వెంట ఉండే వస్తువులతో నిజ పరీక్ష చేసే పద్ధతి

కల కంటున్న సమయంలోనే అది కల అని గుర్తించగలిగితే దానిని లూసిడ్ డ్రీమ్ అంటారు. ఇది ఎవరో కొద్దిమంది యోగులకు మాత్రమే దక్కే అనుభవం కాదు. దాదాపు యాభై ఏళ్ల పరిశోధనలను ఒకచోట చేర్చి 2016లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, సుమారు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చింది. నెలకు ఒకటి లేదా అంతకన్నా ఎక్కువగా వచ్చేవారు సుమారు 23 శాతం. దానంతట అది రానివారు, లేదా ఎప్పుడో ఒకసారి వచ్చి మళ్లీ రానివారు, సాధనతో దానిని తెచ్చుకోవలసి ఉంటుంది. సాధనల్లో మొదలుపెట్టడానికి అన్నిటికన్నా సులభమైనది నిజ పరీక్ష, అంటే రియాలిటీ చెక్. మెలకువగా ఉన్నప్పుడు రోజుకు కొన్నిసార్లు ఆగి, 'ఇప్పుడు నేను కలగంటున్నానా?' అని ప్రశ్నించుకుని, ఏదో ఒక చిన్న పరీక్షతో జవాబు వెతుక్కోవడమే ఈ పద్ధతి. పగలు స్థిరపడిన అలవాటు కలలోనూ తలెత్తుతుందన్న ఆలోచనపై ఇది ఆధారపడి ఉంది. ఈ పరీక్షను ఒంటిమీదో జేబులోనో ఎప్పుడూ ఉండే వస్తువుతో ముడిపెట్టి ఎలా చేయాలో కింద వివరంగా చూద్దాం.

దానికి ముందు ఒక అపోహను పక్కన పెట్టాలి. 2010లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా తరువాత, ప్రతి మనిషి దగ్గరా ఒక రహస్య వస్తువు ఉండాలనీ, దాని బరువో అది తిరిగే తీరో కలకూ మెలకువకూ తేడా చెప్పేస్తుందనీ ఒక నమ్మకం పాకిపోయింది. కథకు అది చక్కని కిటుకే కానీ సాధనకు పనికిరాదు. మీ ఉంగరం బరువు మీ వేలికి ఎంత బాగా తెలుసో, మీ కలను అల్లే మెదడుకూ అంతే బాగా తెలుసు. కాబట్టి కలలో ఆ ఉంగరం అచ్చం అలాగే ఉండగలదు. వస్తువు చేయవలసిన అసలు పని ప్రశ్నను గుర్తుచేయడం. తీర్పు చెప్పే పనిని వేరే పరీక్షలకు అప్పగించాలి. ఈ రెండు పనులనూ కలిపేసి, ఉంగరాన్ని ఒకసారి చూసుకుని 'బాగానే ఉంది, అంటే మెలకువే' అని సరిపెట్టుకునేవారు కలలోనూ సరిగ్గా అదే పని చేసి, అదే తప్పు జవాబుతో కలను కొనసాగిస్తారు.

ఈ పద్ధతికి ఉన్న ఆధారం

డచ్ మనోవైద్యుడు, రచయిత అయిన ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్ 1913లో ప్రచురించిన వ్యాసంలో, తాను 1904 సెప్టెంబరు 9న కన్న ఒక కలను వివరించారు. కిటికీ ముందు బల్ల, దాని మీద రకరకాల వస్తువులు ఉన్నాయి. అది కల అని ఆయనకు స్పష్టంగా తెలుసు. ఏ ప్రయోగం చేద్దామా అని ఆలోచించి గాజును పగలగొట్టబోయారు. చిన్న గాజు పలకను రెండు రాళ్ల మీద పెట్టి మరో రాయితో కొట్టినా అది పగల్లేదు. బల్ల మీదున్న వైన్ గ్లాసును పిడికిలితో బలంగా గుద్దినా అది చెక్కుచెదరలేదు. కాసేపటికి మళ్లీ చూస్తే మాత్రం ఆ గ్లాసు పగిలి ఉంది. పగలవలసినట్టే పగిలింది, కాకపోతే కాస్త ఆలస్యంగా. వస్తువులతో పరీక్ష చేసేవారికి కావలసిన సూత్రం ఈ చిన్న సంఘటనలోనే ఉంది: కలలోని వస్తువు మొదటి చూపులో మనల్ని నమ్మించినా రెండో చూపులో పట్టుబడవచ్చు.

ప్రయోగశాలలో రుజువు చాలా ఆలస్యంగా వచ్చింది. 1975 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, నిద్రలో ఉన్న అలన్ వర్స్‌లీ ముందుగా అనుకున్న ప్రకారం కళ్లను ఎడమకూ కుడికీ కదుపుతూ కలలోంచి పంపిన సంకేతాలను పరికరాలతో నమోదు చేశారు. ఆ సంగతి తెలియకుండానే స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ అదే దారిలో పరిశోధించి, 1980 దశకం తొలి ఏళ్లలో ఫలితాలు ప్రకటించారు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ టోలే రూపొందించిన పద్ధతిలో నేటి నిజ పరీక్షకు మూలం కనిపిస్తుంది. రోజులో పలుమార్లు, ముఖ్యంగా పరిస్థితి ఏ కొంచెం కలను పోలి ఉన్నా, 'నేను మెలకువగా ఉన్నానా, కలలో ఉన్నానా' అని మనస్ఫూర్తిగా ప్రశ్నించుకోవాలని ఆయన చెప్పారు. ఇక్కడ మనస్ఫూర్తిగా అన్న మాటే ముఖ్యం.

కలలో వింతలను మనం ఎందుకు పట్టించుకోము? కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో, తర్కానికీ ఆత్మపరిశీలనకూ తోడ్పడే మెదడు ముందుభాగంలోని కొన్ని ప్రాంతాల చురుకు తగ్గుతుంది. అందుకే చనిపోయిన తాతగారు వచ్చి బస్సు టికెట్ అడిగినా మనకు ఆశ్చర్యం కలగదు. అదే సమయంలో బయటి నుంచి చూపు అందదు కాబట్టి, కలలోని అక్షరాన్నీ అంకెనూ నిలకడగా పట్టి ఉంచే ఆధారమేదీ ఉండదు. చూపు మరల్చి తిరిగి చూసిన ప్రతిసారీ మెదడు ఆ దృశ్యాన్ని కొత్తగా అల్లుకోవాలి. మొదటి బలహీనతను దాటించడానికి గుర్తుచేసే వస్తువు కావాలి, రెండో బలహీనతను వాడుకోవడానికి చదవదగిన వస్తువు కావాలి.

మొదటి మెట్టు: కల డైరీలో మీ వస్తువులను వెతకండి

వస్తువును ఎంచుకునే ముందు కనీసం రెండు వారాలు కలలను రాసుకోండి. తలగడ పక్కన ఒక నోటుపుస్తకం, పెన్ను పెట్టుకోండి. ఫోన్‌లో రాసుకోవచ్చు కానీ తెర వెలుగు పడగానే కల సగం చెదిరిపోతుంది. మెలకువ రాగానే కదలకుండా, పడుకున్న భంగిమలోనే ఉండి, చివరి దృశ్యం నుంచి వెనక్కి నడుస్తూ గుర్తుచేసుకుని, ఆ తరువాతే పెన్ను పట్టుకోండి. కథ మొత్తం గుర్తు రాకపోయినా ఫరవాలేదు. ఈ పనికి మీరు ప్రత్యేకంగా గమనించవలసింది వస్తువులను: కలలో మీ చేతిలో ఏముంది, ఒంటిమీద ఏముంది, ఏది పోయింది, ఏది ఉండకూడని చోట ఉంది.

రెండు వారాల తరువాత ఆ పేజీలను తిరగేస్తే కొన్ని వస్తువులు పదేపదే కనిపిస్తాయి. గుడి మెట్ల దగ్గర విడిచిన చెప్పులు పోవడం, పరీక్ష హాలులోకి హాల్ టికెట్ లేకుండా వెళ్లడం, ఎంత నొక్కినా నంబరు సరిగా పడని ఫోన్, తాళంలో దూరని తాళంచెవి వంటివి చాలామంది డైరీల్లో కనిపించే రకం. పదేపదే వచ్చే ఇలాంటి ఆనవాళ్లను లాబెర్జ్ కల గుర్తులుగా పరిగణించి, వాటిని ముందే తెలుసుకుని ఉండాలని బోధించారు. మీ కలల్లో తాళాలు తరచుగా ఇబ్బంది పెడుతుంటే, మీకు సరైన వస్తువు తాళాల గుత్తే. ఎవరో గొప్పగా చెప్పారని కొన్న వెండి ఉంగరం కాదు.

రెండో మెట్టు: వస్తువును ఎంచుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించవలసిన మెట్టు ఇదే. మంచి వస్తువుకు మూడు లక్షణాలు ఉండాలి: రోజులో అనేకసార్లు దానంతట అదే చేతికి తగలాలి, తాకినప్పుడు మనసును వేరే పనిలోకి లాక్కుపోకూడదు, దానిలో రెండుసార్లు చదవడానికో లెక్కపెట్టడానికో వీలైనది ఏదైనా ఉండాలి. ఈ మూడూ ఒకే వస్తువులో దొరకడం అరుదు. కాబట్టి తాకి గుర్తుచేసుకోవడానికి ఒకటి, చదవడానికి మరొకటి పెట్టుకోవాలన్నది నా సలహా.

తాకే వస్తువుల్లో ఉంగరం, కడియం, చేతికి కట్టుకున్న కంకణం లేదా ఎర్రదారం చాలా బాగా పనిచేస్తాయి. చాలామంది స్త్రీలకు మంగళసూత్రాన్ని తెలియకుండానే తడుముకునే అలవాటు ఉంటుంది. ఆ తెలియని కదలికను తెలిసిన కదలికగా మార్చుకోగలిగితే వేరే వస్తువు అక్కరలేదు. తాయెత్తుగానీ పుస్తెలుగానీ తీయవలసిన పని లేదు, వేళ్లతో తాకితే చాలు. రాత్రి కూడా ఒంటిమీదే ఉండే వస్తువుకు అదనపు ప్రయోజనం ఒకటి ఉంది: అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు వెతుక్కోకుండా సాధన మొదలుపెట్టవచ్చు.

గాజులు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి, ఎందుకంటే అవి తాకడానికీ పనికొస్తాయి, లెక్కకూ పనికొస్తాయి. ఒక చేతి గాజులను ఒకసారి లెక్కపెట్టి, చూపు మరల్చి, మళ్లీ లెక్కపెట్టండి. మెలకువలో ఆరు ఎప్పుడూ ఆరే. కలలో ఆరు తొమ్మిది కావచ్చు, లేదా లెక్క మధ్యలో ఎక్కడున్నారో మరచిపోవచ్చు. ఆ తడబాటు కూడా జవాబే. తాళాల గుత్తిలో చెవులను లెక్కపెట్టడమూ ఇలాంటిదే.

చదవడానికి డిజిటల్ చేతి గడియారం అన్నిటికన్నా మేలైనది. అంకెలు పెద్దగా, విడిగా ఉంటాయి. రెండో చూపులో మారితే వెంటనే తెలుస్తుంది. ముళ్ల గడియారంలో ముల్లు కాస్త జరిగినా మనసు సర్దిచెప్పుకుంటుంది కనుక అది అంత నమ్మదగింది కాదు, అయితే దానికి తేదీ చూపే చిన్న గడి ఉంటే దానిని వాడవచ్చు. గడియారం పెట్టుకోనివారు జేబులో ఒక నాణెం ఉంచుకుని, దాని మీద ముద్రించిన సంవత్సరాన్ని రెండుసార్లు చదవవచ్చు. నాణెంతో చిక్కేమిటంటే అది కిరాణా కొట్టులో చిల్లరగా వెళ్లిపోతుంది; దానిని పర్సులో వేరే అరలో దాచుకోవాలి.

ఫోన్ గురించి చాలామంది అడుగుతారు. అది లెక్కలేనన్నిసార్లు చేతికి వచ్చే వస్తువే అయినా రెండో లక్షణంలో పూర్తిగా విఫలమవుతుంది. చేతిలోకి తీసుకున్న మరుక్షణం మనసు తెరలోకి జారిపోతుంది, ప్రశ్న అడిగేలోపే ఏదో ఒక సందేశం లాక్కుపోతుంది. తప్పనిసరి అయితే, లాక్ తీయకముందు తెర మీది సమయాన్ని మాత్రమే రెండుసార్లు చదివే నియమం పెట్టుకోండి. గంట గంటకూ కంపించి గుర్తుచేసే స్మార్ట్‌వాచ్ అమరికలకు కూడా నేను వ్యతిరేకం. కంపనకు స్పందించడం నేర్చుకున్న మనసు కంపన కోసమే ఎదురుచూస్తుంది. కలలో దానిని కంపింపజేసేవారు ఎవరూ ఉండరు. ఎవరూ చెప్పకుండా మీ అంతట మీకు గుర్తుకు రావడమే ఇక్కడ పెంచుకోవలసిన శక్తి.

ఎక్కువ పవర్ ఉన్న కళ్లజోడు వాడేవారికి సహజంగానే ఒక పరీక్ష దొరుకుతుంది. దానిని ఒకసారి తీసి దూరంగా ఉన్న బోర్డు చదవండి. కళ్లజోడు లేకుండా అక్షరాలు స్ఫుటంగా కనిపిస్తే అనుమానించవలసిందే. చిన్న టార్చిలైటు కూడా పనికొస్తుంది: కలలో స్విచ్ వేసినా దీపం సరిగా వెలగకపోవడాన్ని హెర్న్ 1981లో వివరించారు, అయితే అందరి కలల్లోనూ అలా జరగదని తరువాతి వారి అనుభవాలు చూపించాయి. జేబు అద్దాన్ని మాత్రం కొత్తవారు వాడకపోవడం మంచిది. కల అద్దంలో ముఖం వికృతంగా కనిపిస్తే ఆ భయంతోనే మెలకువ వచ్చేస్తుంది.

మూడో మెట్టు: వస్తువును పరిచయం చేసుకోండి

ఎంచుకున్న వస్తువును మొదటి రోజు ప్రశాంతంగా ఐదు నిమిషాలు చేతిలో పట్టుకుని పరిశీలించండి. ఉంగరమైతే దాని మీది గీతలు, రాయి అంచు, వేలికి తగిలే చల్లదనం, తిప్పినప్పుడు ఎక్కడ బిగుసుకుంటుందో గమనించండి. గడియారమైతే బెల్టు ఎన్నో రంధ్రానికి పెట్టుకుంటారో, అంచున ఏ గీత ఉందో చూడండి. ఆ వివరాలను డైరీలో నాలుగు వాక్యాలుగా రాయండి. కల వీటిని కాపీ చేయలేదన్న ఆశతో చేస్తున్న పని కాదిది. చూడగానే తెలిసిపోయిందనుకుని చూపు తిప్పేసే అలవాటును విడగొట్టడానికి మాత్రమే. ఆ తరువాత రోజుకొకసారి, వీలైతే పడుకునే ముందు, ఒక నిమిషం పాటు అదే పరిశీలన చేయండి.

నాలుగో మెట్టు: పరీక్షను వరుసగా చేయడం

పరీక్షకు అర నిమిషం నుంచి నిమిషం వరకు పడుతుంది. అంతకన్నా తొందరగా అయిపోతోందంటే మీరు దానిని మొక్కుబడిగా చేస్తున్నారన్నమాట.

మొదట చేస్తున్న పనిని ఆపి వస్తువును తాకండి. తాకుతూ ప్రశ్న అడగండి: 'ఇది కల కావచ్చా?' దీనికి 'కాదులే' అన్న జవాబు ఎలాగూ సిద్ధంగా ఉంటుంది, దానిని వెంటనే ఒప్పుకోకండి. కల కావడం నిజంగానే సాధ్యమన్నట్టు ఒక్క క్షణం చుట్టూ చూడండి.

తరువాత వెనక్కి వెళ్లండి. గత పది నిమిషాల్లో ఎక్కడ ఉన్నారు, ఇక్కడికి ఎలా వచ్చారు? మెలకువలో ఈ గొలుసు తెగదు: ఇంట్లో టిఫిన్ చేశాను, లిఫ్టు దిగాను, ఆటో ఎక్కాను, ఇప్పుడు ఆఫీసు ముందున్నాను. కలలో దృశ్యం ఉన్నట్టుండి మధ్యలో మొదలవుతుంది. ఇక్కడికి ఎలా వచ్చామో ఎంత వెతికినా తరచుగా దొరకదు. కొందరికి వస్తువుల పరీక్షలన్నిటికన్నా ఈ ఒక్క ప్రశ్నే ఎక్కువగా పనిచేస్తుంది. దీనిని ఎవరూ దాటవేయకూడదు.

మూడోది చదవడం. గడియారంలో అంకెలు చదివి, వాటిని మనసులో పలికి, చూపును పూర్తిగా పక్కకు తిప్పి, మళ్లీ చదవండి. రెండోసారి చూసేటప్పుడు అంకె మారి ఉంటుందని ఎదురుచూడండి. ఈ ఎదురుచూపు చిన్న విషయం కాదు. కల మన అంచనాలను అనుసరించి నడుస్తుంది. మారదని నమ్మి చూస్తే మారకపోవచ్చు, మారుతుందేమోనని చూస్తే మారే అవకాశం పెరుగుతుంది. గాజులనో తాళాలనో లెక్కపెట్టేవారు కూడా ఇదే వైఖరితో లెక్కపెట్టాలి.

చివరగా, వస్తువుతో సంబంధం లేని ఒక శరీర పరీక్ష చేయండి. రెండు వేళ్లతో ముక్కు మూసి, నోరు మూసుకుని, గాలి పీల్చబోవడం అన్నిటికన్నా నమ్మదగినది. కలలో ముక్కు మూసినా పరుపు మీద ఉన్న అసలు ముక్కు తెరిచే ఉంటుంది కనుక చాలామందికి ఊపిరి నిరాటంకంగా ఆడుతుంది. నలుగురిలో ఉన్నప్పుడు ముక్కు పట్టుకోవడం ఇబ్బంది అనుకునేవారు, ఒక అరచేతిలోకి రెండో చేతి వేలిని గుచ్చినట్టు నెట్టి చూడవచ్చు; కలలో వేలు అరచేతిలోంచి దూసుకుపోవచ్చు.

ఐదో మెట్టు: ఎప్పుడు చేయాలి

రోజుకు ఎనిమిది పది సార్లు సరిపోతుంది, కానీ గడియారం ప్రకారం కాకుండా సంఘటనల ప్రకారం చేయాలి. 'ఇంటి తలుపు తాళం వేసిన ప్రతిసారీ', 'బస్సులో సీటు దొరికిన ప్రతిసారీ', 'చేతులు కడుక్కున్నాక ఉంగరం సర్దుకున్న ప్రతిసారీ' అన్నట్టు రెండు మూడు సందర్భాలను ఉదయాన్నే ఎంచుకుని, సాయంత్రం ఎన్నిటిని పట్టుకున్నారో ఎన్నిటిని వదిలేశారో చూసుకోండి. మరచిపోయిన సందర్భం గుర్తుకు వచ్చినప్పుడు, ఆలస్యమైనా సరే, అప్పుడే ఒక పరీక్ష చేయండి.

వీటికి తోడు, ఏ నియమమూ లేకుండా చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఎప్పుడైనా ఆశ్చర్యం, భయం, కోపం, సిగ్గు గట్టిగా కలిగితే, ఎన్నో ఏళ్లుగా కనిపించని స్నేహితుడు ఉన్నట్టుండి ఎదురైతే, పెట్టిన చోట వస్తువు లేకపోతే, ఫోన్ మొరాయిస్తే, చేయి వెంటనే ఉంగరం మీదికి వెళ్లాలి. కలల్లో భావోద్వేగం ఎక్కువ, వస్తువులు పోవడం ఎక్కువ. అందువల్ల రోజువారీ నియమం కన్నా ఇలాంటి క్షణాల్లో చేసిన పరీక్షే కలలోకి త్వరగా చేరుతుంది. ముఖ్యంగా వస్తువు లేకపోవడాన్ని ఒక సంకేతంగా మలచుకోండి. తడుముకున్నప్పుడు ఉంగరం వేలికి లేకపోతే, అది ఎక్కడ పోయిందా అని వెతకడానికి ముందు ఇది కలేమో అని పరీక్షించాలి. కల మన ఉంగరాన్ని వేలికి తొడగడం మరచిపోవడం అసాధ్యమేమీ కాదు.

వాహనం నడుపుతున్నప్పుడు, రోడ్డు దాటుతున్నప్పుడు, పొయ్యి దగ్గర, యంత్రాల దగ్గర పరీక్ష చేయకండి.

ఆరో మెట్టు: రాత్రి పని

పగటి పరీక్షలు ఒక్కటే చేస్తూ కూర్చుంటే నిరాశే మిగలవచ్చు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో డెన్‌హోమ్ ఆస్పీ చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, నిజ పరీక్షతో పాటు రాత్రి మధ్యలో మేలుకోవడాన్నీ, లాబెర్జ్ రూపొందించిన సంకల్ప పద్ధతినీ (కలను కల అని గుర్తించాలని నిద్రపోయే ముందు అనుకోవడం) కలిపి వాడిన 47 మంది, ఒక్క వారంలో చేసిన ప్రయత్నాల్లో సుమారు 17 శాతం విజయం సాధించారు. సంకల్పం పూర్తి చేసిన ఐదు నిమిషాల్లోపు నిద్రపోగలిగినప్పుడు ఆ విజయం దాదాపు 46 శాతానికి చేరింది. కాబట్టి వస్తువును రాత్రి పనిలోకి కూడా తీసుకురావాలి.

నిద్రపోయిన సుమారు ఐదు గంటల తరువాతకు అలారం పెట్టుకోండి. రాత్రి రెండో సగంలో రెమ్ నిద్ర విడతలు పొడుగ్గా ఉంటాయి కనుకనే ఈ సమయం. మేలుకున్నాక కొద్ది నిమిషాలు మాత్రమే లేచి ఉండండి, పెద్ద లైట్లు వేయకండి. అప్పుడే వచ్చిన కలను గుర్తుచేసుకోండి. ఏదీ గుర్తు రాకపోతే డైరీలోని పాత కల ఒకటి తీసుకోండి. తిరిగి పడుకుని, ఉంగరాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, 'ఈసారి కల వచ్చినప్పుడు, అది కల అని నాకు గుర్తుకొస్తుంది' అని మెల్లగా అనుకోండి. ఆ వాక్యంతో పాటు గుర్తుచేసుకున్న కలను మళ్లీ చూడండి, ఈసారి మార్పుతో: హాల్ టికెట్ లేదని కంగారుపడిన చోట మీరు ఆగుతారు, ఉంగరాన్ని తాకుతారు, గడియారం చూస్తారు, 4:10 ఉన్న చోట మళ్లీ చూస్తే అర్థంలేని అంకెలేవో ఉంటాయి, 'ఇది కల' అని తెలుసుకుంటారు. వాక్యం, దృశ్యం ఒకదాని వెంట ఒకటి తిరుగుతుండగా నిద్రలోకి జారిపోవాలి. వాక్యాన్ని యాంత్రికంగా జపిస్తే ఫలితం ఉండదు; ప్రతిసారీ అందులోని ఉద్దేశం మనసుకు తగలాలి.

దీనిని వారానికి ఒకటి రెండు రాత్రులకు, అదీ మరునాడు ఆలస్యంగా లేవగలిగే రోజులకు పరిమితం చేయండి. నైట్ షిఫ్టులు చేసేవారు, పసిపిల్లల తల్లులు, నిద్రలేమితో బాధపడేవారు ఈ మెట్టును మానేసి, సహజంగా మెలకువ వచ్చినప్పుడు మాత్రమే సంకల్పం చేసుకుంటే చాలు. నిద్రను ముక్కలు చేసుకుని తెచ్చుకునే కల ఏదీ అంత విలువైనది కాదు.

ఏడో మెట్టు: నిద్రలేచినట్టు వచ్చే కలను పట్టుకోవడం

మంచం మీద లేచి, పళ్లు తోముకుని, ఆఫీసుకు తయారవుతూ ఉండగా మళ్లీ నిజంగా మెలకువ రావడం చాలామందికి తెలిసిన అనుభవమే. ఈ దొంగ మెలకువలు వస్తువుల పరీక్షకు బంగారం లాంటి అవకాశం, ఎందుకంటే దృశ్యం మీ గదే, వస్తువులు మీవే, సమయం మీరు పరీక్ష చేసే అలవాటున్న సమయమే. గడియారాన్ని రోజూ మంచం పక్కన ఒకే చోట పెట్టండి. కళ్లు తెరవగానే మరే పనీ చేయకముందు దానిని రెండుసార్లు చదివి, ముక్కు పరీక్ష చేయండి. ఇది ఒక్క రోజు కూడా తప్పకూడని నియమం. అర్ధరాత్రి మెలకువలకూ ఇదే వర్తిస్తుంది.

కల అని తెలిసిన తరువాత

అంకె మారింది, ఊపిరి ఆడింది, ఇది కలే అని తెలిసిపోయింది. మొదటిసారి ఇలా జరిగినప్పుడు కలిగే ఉత్సాహమే చాలామందిని కొద్ది క్షణాల్లో మేలుకొలుపుతుంది. దానిని అణచడానికి వస్తువే మళ్లీ సాయపడుతుంది: ఉంగరాన్ని తిప్పుతూ దాని గరుకుదనాన్ని గమనించండి, లేదా రెండు అరచేతులనూ గట్టిగా రుద్దుకోండి. కలలోని స్పర్శ మీద దృష్టి నిలిపితే కల నిలబడుతుంది. దృశ్యం మసకబారితే దూరంగా చూడడం మాని దగ్గరి వస్తువులను ఒక్కొక్కటిగా తాకండి. ఎగరడం, గోడలోంచి నడవడం వంటివి తరువాతి కలలకు వాయిదా వేయండి.

పరీక్ష తప్పు జవాబు ఇచ్చినప్పుడు

కలలో పరీక్ష చేసి కూడా మెలకువే అని నిర్ణయించుకోవడం కొత్తవారికి తరచుగా జరుగుతుంది. వాల్మీకి సుందరకాండలో, చెట్టు మీద కోతిని చూసిన సీత ముందు దానిని చెడు కల అనుకుంటుంది. వెంటనే 'ఇది కల కాదు, శోకంతో ఉన్న నాకు నిద్రే లేదు కదా' అని తర్కించుకుంటుంది. రాముడి ఉంగరం ఆమె చేతికి అందేది ఆ తరువాతే. వస్తువు కన్నా ముందు ఆమె వాడింది వరుస ఆలోచనను, అంటే నాలుగో మెట్టులోని రెండో పనిని. మనకున్న ఇబ్బంది ఏమిటంటే కలలో 'నాకు నిద్ర పట్టలేదు' అన్న జ్ఞాపకం కూడా కల్పితం కావచ్చు. అందుకే ఒక్క పరీక్ష మీద ఆధారపడకూడదు. అంకె మారితే అది దాదాపుగా కలే అని చెప్పవచ్చు; మారకపోతే మాత్రం మెలకువ అని రుజువైనట్టు కాదు.

ఈ అసమానత నుంచి ఒక భద్రతా నియమం కూడా పుడుతుంది. ఎంత అనుమానం ఉన్నా, హాని కలిగించగల పనిని పరీక్షగా వాడకండి: మేడ మీంచి దూకడం, నిప్పును తాకడం, కదిలే వాహనం ముందుకు వెళ్లడం. తేలని ప్రతిసారీ మెలకువలోనే ఉన్నట్టు ప్రవర్తించాలి. తామో లోకమో అవాస్తవంగా అనిపించే డిపర్సనలైజేషన్, డీరియలైజేషన్ సమస్యలు ఉన్నవారు, స్కిజోఫ్రెనియా లేదా తీవ్రమైన బైపోలార్ చికిత్సలో ఉన్నవారు ఈ సాధనను తమ మనోవైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు. పగలంతా 'ఇది నిజమేనా' అని ప్రశ్నించుకోవడం వారికి మేలు చేయదు. రాత్రి మధ్యలో లేచి పడుకునే వారిలో కొందరికి శరీరం కదలకుండా బిగుసుకుపోయిన అనుభూతి కలగవచ్చు. అది నిద్ర పక్షవాతం. భయపెట్టినా తనంతట అదే కొద్దిసేపట్లో పోతుంది. తరచుగా వస్తుంటే రాత్రి అలారాన్ని ఆపేయండి.

వస్తువు పాతబడినప్పుడు

కొన్ని వారాల తరువాత ఉంగరాన్ని తాకడం, ప్రశ్న అడగడం, జవాబు చెప్పుకోవడం అన్నీ రెండు క్షణాల్లో ముగిసిపోతుంటే, వస్తువు పాతబడిందని అర్థం. ముందుగా ఉంగరాన్ని పక్క వేలికి మార్చి చూడండి, గడియారాన్ని కుడి చేతికి పెట్టుకోండి. ఆ కొద్దిపాటి అసౌకర్యమే దృష్టిని వెనక్కి తెస్తుంది. అదీ చాలకపోతే వస్తువునే మార్చాలి. అప్పటికి డైరీలో మరిన్ని కలలు చేరి ఉంటాయి కనుక, వాటిలో ఇటీవల తరచుగా కనిపిస్తున్న వస్తువు ఏదో చూసి దానినే తీసుకోండి. కొత్త వస్తువుతో మళ్లీ రెండు వారాలు ఆగనక్కరలేదు. ఐదు నిమిషాల పరిశీలన చేసి, ఆ రోజు సాయంత్రం నుంచే పరీక్షలు మొదలుపెట్టవచ్చు.